తలలు లెక్కపెట్టని పాట

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల వెళ్లే దారుల్లోని పల్లెల్లో రేకుల కప్పు కింద ఆరాధించుకునే చిన్న సంఘాలున్నాయి. అలాంటి ఒక సంఘానికి ఆదివారం వెళ్లాం. పదిహేనుమందికి మించి లేరు. డెబ్బయ్యేళ్లు దాటిన ఒక పెద్దాయన హార్మోనియం ముందు కూర్చుని, పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనను వేలమంది సభలో పాడినంత శ్రద్ధగా ఎత్తుకున్నారు. ఒకప్పుడు ప్రొద్దుటూరు ఉజ్జీవ కూటాలు ఆయన పాటతోనే మొదలయ్యేవట. కీబోర్డులు, పెద్ద స్పీకర్లు వచ్చాక పిలుపులు ఆగిపోయాయి. ‘ఇంత తక్కువమందికి పాడడం బాధగా లేదా అయ్యా?’ అని అడిగాం. ‘తలకాయలు లెక్కబెట్టుకుంటా పాడితే అది నా పాటైతాది గానీ దేవుని పాటెట్లైతాది నాయనా?’ అన్నారాయన. మేము సిగ్గుపడ్డాం. లోపలికి రాగానే మేము చేసిన మొదటి పని తలలు లెక్కపెట్టడమే!

అమెరికాలో రిచీ ఫ్యూరే అనే గాయకుడున్నారు. అక్కడి పల్లె బాణీని రాక్ సంగీతంతో కలిపి ‘కంట్రీ రాక్’కు దారి వేసినవారిలో ఆయనొకరు. 1966లో ‘బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్’, 1968లో ‘పోకో’ బృందాలను మిత్రులతో కలిసి స్థాపించారు. పోకో నుంచి వెళ్లిన ఇద్దరు ‘ఈగల్స్’ బృందంలో ప్రపంచ ప్రఖ్యాతులయ్యారు. ఫ్యూరే ఎంతగానో ఆశించిన అంతటి కీర్తి మాత్రం ఆయనకు దక్కలేదు. 1974లో తోటి వాద్యకారుడొకరి సాక్ష్యం ద్వారా ఆయన క్రీస్తును తెలుసుకున్నారు. 1983లో కొలరాడో రాష్ట్రంలో ఒక సంఘానికి కాపరి అయ్యి, మూడు దశాబ్దాలకు పైగా సేవ చేశారు. పాట మానలేదు. పెద్ద వేదికలు చూసిన ఆ గొంతు ఆరాధనలోనూ, చిన్న చిన్న హాళ్లలోనూ వినిపిస్తూ వచ్చింది. కీర్తి రాకపోయినా, పాడడానికి కారణం మిగిలింది.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలలకు దొరికిన వేదిక ఇంకెంత చిన్నది! ఒంటినిండా దెబ్బలు, కాళ్లకు బొండ, చుట్టూ చీకటి. విన్నది ఖైదీలు మాత్రమే. అయినా మధ్యరాత్రి వాళ్లు దేవునికి కీర్తనలు పాడారు (అపొ.కా. 16వ అధ్యాయం). తెల్లవారేలోగా చెరసాల అధికారి ఇల్లంతా రక్షణ పొందింది.

వేదిక ఎంత పెద్దదో మనం చూస్తాం, హృదయం ఎంత నిండిందో దేవుడు చూస్తాడు. కొత్త వాద్యాల సందడిలో మూలన కూర్చున్న పాత గాయకుడు మన సంఘంలోనూ ఉండవచ్చు. వచ్చే ఆదివారం ఆయన్ని ఒక కీర్తన ఎత్తుకోమని అడుగుదాం. తలలు లెక్కపెట్టకుండా, గొంతు కలుపుదాం.