టమోటా తొక్క – విలువైన ఉప ఉత్పత్తి

మన ఉక్కు పరిశ్రమలో ఏదీ ఊరకనే పారవేయదగినది కాదు. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు అవుతున్నది. కోక్ ఓవెన్ వాయువు నుండి తారు, బెంజోల్, అమ్మోనియం సల్ఫేటు లభిస్తున్నాయి. ఇదే సూత్రం కూరగాయల శుద్ధి పరిశ్రమకు కూడా వర్తిస్తుంది. ఇందుకు టమోటా చక్కని ఉదాహరణ.

రాయపూర్ నగరంలోని గుఢియారీలో ఉన్నా, ఆంధ్రదేశంలో ఉన్నా టమోటా లేని తెలుగు వంటిల్లు అరుదు. ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్, జష్‌పూర్ ప్రాంతాలు, ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లె, పత్తికొండ ప్రాంతాలు ఈ పంటకు ప్రసిద్ధి చెందినవి. ధర పతనమైనప్పుడు కోత కూలి సైతం గిట్టక రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు అనేకం. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో టమోటా, ఉల్లి, బంగాళాదుంపల కొరకు రూ. 500 కోట్లతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించుటకు ఈ ఒడిదుడుకులే కారణం.

తొక్కలో ఏమున్నది?

100 కిలోల కాయల నుండి రసం, గుజ్జు తీయగా సుమారు 3 నుండి 5 కిలోల తొక్క, గింజలు పిప్పిగా మిగులుతాయి. గింజలలో నూనె, మాంసకృత్తులు ఉన్నాయి. కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్, తూకానికి తూకం చూస్తే, గుజ్జులో కంటే తొక్కలో కొన్ని రెట్లు అధికం. 40 కార్బన్, 56 హైడ్రోజన్ పరమాణువులు గల ఈ పదార్థం శరీర కణాలకు హాని చేసే ఆక్సీకరణను నిరోధించగలదు. ఇది నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది.

వెలికితీసే విధానం

పిప్పిలో అధిక భాగం నీరే. ఎండ కాలంలో అది త్వరగా పులిసిపోతుంది. వెలుతురు, వేడి, గాలి సోకితే లైకోపీన్ క్షీణిస్తుంది. కనుక వెంటనే తక్కువ వేడిలో ఆరబెట్టి, పొడి చేయాలి. హెక్సేన్ వంటి ద్రావణులతో లైకోపీన్‌ను తీయవచ్చును గాని, వాటి అవశేషాలను పూర్తిగా తొలగించాలి. కార్బన్ డయాక్సైడ్ వాయువు 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్‌ల పీడనం దాటిన స్థితిలో ద్రావణిగా పనిచేస్తుంది. పీడనం తగ్గించగానే అది వాయువుగా తొలగిపోతుంది. అయితే లైకోపీన్ కొరకు కొన్ని వందల బార్‌ల పీడనం అవసరం. అందువలన యంత్రాలు ఖరీదైనవి.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. 100 టన్నుల కాయలు శుద్ధి చేసినా, ఎండిన పిప్పి ఒక టన్ను దరిదాపులలోనే లభిస్తుంది. ఒక్క చిన్న కర్మాగారం ఇటువంటి యంత్రాన్ని పోషించలేదు. అనేక కర్మాగారాలు పిప్పిని తమ ఆవరణలోనే ఆరబెట్టి ఒక కేంద్రానికి పంపినప్పుడే లెక్క కుదురుతుంది. కావున ముందు కావలసినది ఖరీదైన యంత్రం కాదు, సరైన ఆరబెట్టే ఏర్పాటు.

జాగ్రత్తలు

లైకోపీన్‌ను సర్వరోగ నివారిణిగా భావించరాదు. అది విడిగా క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుందనుటకు నమ్మదగిన ఆధారం లేదని 2005లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ తేల్చింది. పురుగుమందుల అవశేషాలు కూడా తొక్కపైనే నిలుస్తాయి కనుక పరీక్ష తప్పనిసరి. ఆహారానికి సహజమైన రంగుగా మాత్రం దానికి స్థిరమైన గిరాకీ ఉన్నది.

పిప్పికి ధర పలికితే కర్మాగారం నిలుస్తుంది. కర్మాగారం నిలిస్తే రైతు పంటకు మరొక కొనుగోలుదారు ఉంటాడు. అంతవరకు మన ఇళ్లలో టమోటాలను బాగా కడిగి, తొక్క తీయకుండా, కాస్త నూనెలో మగ్గించి వండుకొనుట ఖర్చులేని మార్గం.