పాలు మాన్పించగానే నోటి చుట్టూ పుండ్లా? డైపర్ ర్యాష్ అని వదిలేయొద్దు.. జింక్ లోపం కావచ్చు!

వరంగల్: బిడ్డకు తల్లిపాలు మాన్పించారు. కొన్ని వారాలకే నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ, చేతులు, కాళ్లపై ఎర్రటి మచ్చలు, పొక్కులు, పుండ్లు. విరేచనాలు ఆగవు. జుట్టు ఊడుతోంది. ఆయింట్‌మెంట్లు ఎన్ని మార్చినా తగ్గట్లేదు. ఇలాంటప్పుడు అనుమానించాల్సిన అరుదైన జబ్బు ఒకటుంది. అదే అక్రోడెర్మటైటిస్ ఎంటెరోపతికా.

అసలేంటీ జబ్బు?

సుమారు 5 లక్షల మందిలో ఒకరికి వస్తుంది. తిండిలోని జింక్‌ను పేగులు రక్తంలోకి తీసుకోవడానికి ఒక ప్రొటీన్ గేటులా పనిచేస్తుంది. దాన్ని తయారుచేసే జీన్‌లో లోపం ఉంటే జింక్ ఒంటికి పట్టదు. తల్లిపాలలోని జింక్ తేలిగ్గా ఒంటికి పడుతుంది. అందుకే పాలు తాగినన్నాళ్లు బిడ్డ బాగుండి, మాన్పించాక లక్షణాలు బయటపడతాయి. పుట్టినప్పటి నుంచి డబ్బా పాలే అయితే ఇంకా ముందే కనిపిస్తాయి.

మేనరికాల్లో రిస్క్ ఎక్కువ

తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఈ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. దగ్గరి సంబంధాల్లో ఈ రిస్క్ పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. తల్లి చేసిన తప్పూ కాదు.

ఏ టెస్టులు చేస్తారు?

రక్తంలో జింక్ లెవెల్ చూస్తారు. జింక్ మీద ఆధారపడే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా తగ్గొచ్చు. పోషకాహార లోపంతోనూ జింక్ పడిపోతుంది కాబట్టి, ఖాయం చేయడానికి జీన్ టెస్ట్ ఉంది.

మందు ఉంది.. కానీ ఆపొద్దు

ఒకప్పుడు ఈ జబ్బు ప్రాణాలు తీసేది. 1970ల్లో అసలు కారణం జింక్ లోపమని తేలాక సీన్ మారిపోయింది. జింక్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే మార్పు కనిపిస్తుంది. మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

ఇక్కడే జాగ్రత్త! విరేచనాలకు ఇచ్చే జింక్ కోర్సు 14 రోజులే. దాంతో పుండ్లు తగ్గి, ఆపగానే మళ్లీ వస్తే ఆ విషయం డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఈ జబ్బుకు జింక్ జీవితాంతం వాడాలి. అలాగని సొంతంగా డోసు పెంచొద్దు. జింక్ ఎక్కువైతే రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. అందుకే రెండింటి లెవెల్స్ అప్పుడప్పుడు చెక్ చేయించాలి.

అనుమానముంటే ఆలస్యం చేయకుండా ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టర్‌కో, చర్మ వైద్యులకో చూపించండి.