కదలకపోతే లైటు ఆరిపోతుందెందుకు?

బెంగళూరు, చెన్నైలలోని కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిచోట్ల బాత్రూమ్ లైటు మనిషి రాగానే వెలుగుతుంది. కరెంటు ఆదా, నిజమే. కానీ కాసేపు కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది. మన పెద్దవాళ్లు చీకట్లో గోడ తడుముకోవాలి. ఆ సెన్సార్ మనిషిని చూడదు, ఒంటి వేడి అటూఇటూ జరిగితేనే పసిగడుతుంది. తలుపుకు అయస్కాంతపు స్విచ్చి జోడిస్తే ఈ తిప్పలు తప్పుతాయి: తలుపు మూశాక లోపల ఒక్క కదలిక కనిపిస్తే, మళ్లీ తెరిచేదాకా మనిషి లోపలే ఉన్నట్టు లెక్క.

అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2004లో వెలువరించిన అధ్యయనంలో, ఒంటరిగా ఉండే ఇద్దరి ఇళ్లలో తలుపులకు, అల్మారాలకు ఇలాంటి చిన్న సెన్సార్లే 77, 84 చొప్పున రెండు వారాలు పెట్టి, వంట, స్నానం వంటి పనులు గుర్తించే ప్రయత్నం చేశారు. కెమెరా లేకుండానే! అందుకే, ఆ లెక్కలు ఎవరి చేతికి వెళ్తాయో బిగించకముందే అడగమంటాం.