డీ అండ్ డీ కొత్త రూల్స్: నడుస్తున్న క్యాంపెయిన్ ఆగిపోకుండా మారడం ఎలా?

ఈ మధ్య డీఎంలు అందరూ నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మా క్యాంపెయిన్ సగంలో ఉంది. 2024 రూల్స్‌కి మారిపోవాలా?"

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క మాట. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో పుట్టిన ఆట. ఇందులో కథ నడిపేది, రాక్షసుల్ని ఆడించేది డంజియన్ మాస్టర్, అంటే డీఎం. 2014లో ఫిఫ్త్ ఎడిషన్ వచ్చింది. దాన్నే సవరించి 2024లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, డంజియన్ మాస్టర్స్ గైడ్, 2025 ఫిబ్రవరిలో మాన్‌స్టర్ మాన్యువల్ తెచ్చారు. పేర్లు చాలావరకు పాతవే, లోపలి రూల్ మాత్రం వేరు. అసలు తంటా అక్కడే.

నా సలహా: డంజియన్ మధ్యలో మారకండి. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో డిప్లాయ్ చేస్తామా? కథలో ఒక ఘట్టం పూర్తవ్వనివ్వండి, లెవెల్ పెరిగే రోజు మారండి.

మారే ముందు మీ పాలడిన్ ప్లేయర్‌తో విడిగా మాట్లాడండి. పాత డివైన్ స్మైట్‌లో దెబ్బ తగిలాక స్పెల్ స్లాట్ ఖర్చు పెడితే చాలు, ఒకే టర్న్‌లో రెండుసార్లు కూడా వాడొచ్చు. ఇప్పుడది బోనస్ యాక్షన్ తీసుకునే స్పెల్, అంటే టర్న్‌కి ఒక్కసారే. ఇంకో చిక్కుంది: పోషన్ తాగడం కూడా ఇప్పుడు బోనస్ యాక్షనే. తాగితే ఆ టర్న్‌లో స్మైట్ లేదు. గచ్చిబౌలిలో ఒకరు, కొండాపూర్‌లో ఒకరు, ఇంకొకరికి యూఎస్ షిఫ్ట్... రెండు వారాలకో శనివారం దొరకడమే గగనం. ఆ రోజు ఒకడు "నా క్యారెక్టర్‌ని పాడు చేశారు" అని అలిగితే టేబుల్ చెదిరిపోతుంది. ముందే చెప్పండి, కావాలంటే క్యారెక్టర్‌ని మళ్లీ కట్టుకోనివ్వండి.

ఇక లెక్కలు. లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ గుర్తుందా? మొదట్లోనే నలుగురు గోబ్లిన్లు దారి కాచి మీద పడతారు. లెవెల్ 1 ప్లేయర్లు నలుగురనుకోండి. గోబ్లిన్‌కి 50 ఎక్స్‌పీ, మొత్తం 200. పాత గైడ్‌లో శత్రువుల సంఖ్యను బట్టి ఒక గుణకం ఉండేది, ఇక్కడ రెండింతలు. 400 అయ్యేసరికి అది "డెడ్లీ". కొత్త గైడ్‌లో గుణకం తీసేశారు. అదే ఫైట్ ఇప్పుడు "లో"!

కాబట్టి ఆ ముద్రని గుడ్డిగా నమ్మొద్దు. గోబ్లిన్ హిట్ పాయింట్లు 7 నుంచి 10 అయ్యాయి. దాని కత్తి దెబ్బ 8 దాకా వెళ్లొచ్చు, మీ విజార్డ్‌కి ఉండేదేమో ఏడో ఎనిమిదో. అయితే ఒక ఊరట ఉంది. పాత రూల్‌లో సర్‌ప్రైజ్ అయితే మొదటి టర్న్ మొత్తం పోయేది. ఇప్పుడు ఇనీషియేటివ్‌కి రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడమే. ఇది నాకు బాగా నచ్చిన మార్పు. పావుగంట ఆడకుండానే కింద పడిపోవడం ఎవరికి సరదా?

నాకు నచ్చనిది వెపన్ మాస్టరీ. ఐడియా మంచిదే, ఫైటర్‌కి కూడా చేయడానికి ఏదో ఉంటుంది. కానీ టాపుల్ ఉన్న ఆయుధం తగిలిన ప్రతిసారీ శత్రువుకి మీరు సేవింగ్ త్రో వేయాలి. అలా ఫైట్ సాగుతూనే ఉంటుంది, రాయదుర్గంలో చివరి మెట్రో వెళ్లిపోతుంది. ఆ భారం ప్లేయర్ మీద పెట్టండి. మాస్టరీ పేరు, డీసీ నంబర్ చీటీ మీద రాసుకుని, దెబ్బ తగలగానే వాళ్లే చెప్పాలి. మర్చిపోతే ఆ ఛాన్స్ పోయినట్టే.

మూడు పుస్తకాలూ ఇప్పుడే కొనక్కర్లేదు. ఎస్‌ఆర్‌డీ 5.2 అని ముఖ్యమైన రూల్స్ ఉన్న పీడీఎఫ్‌ని 2025 ఏప్రిల్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఫ్రీగా ఇచ్చారు. సబ్‌క్లాస్‌లు క్లాస్‌కి ఒక్కటే ఉంటాయి, అయినా ట్రయల్‌కి చాలు. ఫోన్‌లో దించుకుని, క్యాంపెయిన్‌తో సంబంధం లేని ఒక్క సెషన్ దాంతో ఆడండి. ఆ గోబ్లిన్ ఫైట్‌తోనే మొదలుపెట్టండి.