బంధువుల బిడ్డలను పెంచువారికి తోడ్పాటు

'అసలుకంటె వడ్డీ ముద్దు' అని మన పెద్దలు మనుమలను గూర్చి చెప్పుదురు. కాని తల్లిదండ్రుల స్థానమున తామే నిలువవలసి వచ్చిన అమ్మమ్మకు, తాతకు, మేనమామకు, పినతల్లికి ఆ ముద్దుతోపాటు బరువును కలదు. ఆ బరువును గ్రామము పంచుకొనవలెనని మా మనవి.

పలాస, టెక్కలి ప్రాంతములలోను, ఉద్దానము తీరమునందును ఇట్టి గృహములు క్రొత్త కావు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములను మూత్రపిండముల వ్యాధి చిరకాలముగా పీడించుచున్నది. ఎన్ని పరిశోధనలు జరిగినను దాని మూలకారణము నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. చికిత్స చేరువకు వచ్చినది. అయినను వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ కొరకు గంటల కొలది గడపు తల్లికి పిల్లల ఆలనాపాలన కష్టసాధ్యము. 2018 అక్టోబరు 11వ తేదీన తీరము దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చినది. పనికై దూర నగరములకు పోవువారు పిల్లలను ఇంటి పెద్దలకు అప్పగించుటయు కలదు.

కూతురిని పోగొట్టుకొన్న ఒక అమ్మమ్మను తలచుకొనుడు. పగలు జీడిపప్పు ఒలుచు కూలికి పోవును. బడివారు సంతకము కోరుదురు. బ్యాంకువారు ధ్రువపత్రము కోరుదురు. ఒక కాగితమునకై నాలుగు దినముల కూలి పోవును. తన దుఃఖమును పిల్లల యెదుట దాచుకొనును. 'అమ్మ ఎప్పుడు వచ్చును?' అని చిన్నది అడిగిన నేమి చెప్పవలెనో ఆమెకు తోచదు. 'నా తరువాత వీరికెవరు?' అను చింత ఆమెను నిద్రపోనీయదు. ప్రక్క వీధిలో మరియొక నాన్నమ్మ ఇదే బాధ పడుచున్నదని ఆమె యెరుగదు.

ఇట్టివారికి ఉపదేశముకంటె తమవంటివారి మాట మేలు చేయును. జింబాబ్వే దేశమున హరారే నగరములో 2006లో 14 మంది వృద్ధ స్త్రీలు శిక్షణ పొంది, వైద్యశాల ఆవరణలోని బల్లపై కూర్చుండి, మనోవేదనతో వచ్చినవారి మాట ఓపికతో వినసాగిరి. ఆ పద్ధతి ఇతర దేశములకును వ్యాపించినది. మనకు క్రొత్త బల్ల అక్కరలేదు. పొదుపు సంఘముల స్త్రీలు కూడు చోటు ప్రతి గ్రామమునను కలదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు నాలుగు. మొదటిది, అంగన్వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుల సహాయముతో ఇట్టి గృహముల నెరుగవలెను. వారి కష్టమును గాని, వ్యాధిని గాని సభలో చాటరాదు. రెండవది, నెలకొక మారు, కూలి పోని వేళ, వారిని ఒకచోట కూర్చవలెను. అందు సభ్యులు ఉపన్యసింపక వినవలెను. కాగితము సంపాదించిన ఒకరి అనుభవము మరియొకరి తిరుగుడును తప్పించును. మూడవది, మరణము 21 దినములలో నమోదగునట్లు చూడవలెను. గడువు దాటినను నమోదునకు మార్గము కలదు. ఆ పత్రము లేనిదే పెక్కు సహాయములు ముందునకు సాగవు.

నాలుగవది, కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకమును తెలుపవలెను. 2022 నాటి మార్గదర్శకముల ననుసరించి, బంధువుల ఇంట పెరుగు అనాథ బాలలకును, ప్రాణాంతక వ్యాధిగ్రస్తుల బిడ్డలకును నెలకు 4,000 రూపాయల సహాయము మంజూరు చేయవచ్చును. గ్రామములందు కుటుంబ వార్షికాదాయము 72,000 రూపాయలు మించరాదు. దరఖాస్తును జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు పంపవలెను. బిడ్డకు ఆపద కలిగిన 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

2015 నాటి బాలల న్యాయ చట్టము సైతము బిడ్డకు కుటుంబమే ముఖ్యమనియు, వసతి గృహము కడపటి మార్గమనియు చెప్పుచున్నది. ఆ కుటుంబమును నిలుపుచున్న ముసలి చేతులు అలసిపోకుండ చూచుట పంచాయతీ ధర్మము. వచ్చు నెల సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడని కోరుచున్నాము.