వేడెక్కితే ఫోన్ తనే స్లో అవుతుంది.. ఈ కారుకి ఆ తెలివి లేదు! మాజ్డా ఆర్ఎక్స్-7 ఆయిల్ టెంపరేచర్ కథ

ఎండాకాలం మధ్యాహ్నం అరగంట సేపు బీజీఎంఐ ఆడండి. ఫోన్ వెనక భాగం చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. కాసేపటికి బ్రైట్‌నెస్ దానంతట అదే తగ్గుతుంది, ఫ్రేమ్ రేట్ పడిపోతుంది. మనకి చిరాకొస్తుంది కానీ ఫోన్ చేసింది మంచి పనే. ప్రాసెసర్ పాడవకుండా తన స్పీడ్ తనే తగ్గించుకుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటాం.

ఇప్పుడు ఒక కారు గురించి మాట్లాడుకుందాం. 'టోక్యో డ్రిఫ్ట్' సినిమాలో హాన్ నడిపిన ఆరెంజ్-బ్లాక్ కారు, 'ఇనీషియల్ డీ'లో కేసుకే పసుపు కారు, గ్రాన్ టురిస్మో ఆడేవాళ్లకి బాగా తెలిసిన కారు. అన్నీ ఒకటే: మూడో తరం మాజ్డా ఆర్ఎక్స్-7. ఫ్యాన్స్ ముద్దుగా ఎఫ్‌డీ అంటారు. 1991 చివర్లో జపాన్‌లో వచ్చింది, 2002 వరకు తయారైంది. ఇంజిన్ సైజు 1308 సీసీ మాత్రమే. పవర్ మాత్రం మొదట్లోనే 255 పీఎస్, చివరి మోడళ్లలో 280 పీఎస్. టర్బోలు రెండు. పిస్టన్లు అసలే లేవు, ఎందుకంటే ఇది రోటరీ ఇంజిన్.

ఇంత ఘనమైన కారులో ఒక పెద్ద వెలితి ఉంది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ మీటర్ ఉంది, కూలెంట్ టెంపరేచర్ మీటర్ ఉంది. ఆయిల్ టెంపరేచర్ మీటర్ లేదు! లోపల ఆయిల్ కాగిపోతున్నా కారు మీకు చెప్పదు, ఫోన్‌లా పవర్ తగ్గించుకోదు. ఆ థ్రాట్లింగ్ పని డ్రైవర్ కుడికాలే చేయాలి. చేయకపోతే ఏదో ఒకరోజు ఇంజిన్ దించాల్సి వస్తుంది.

ఇక్కడ ఆయిలే కూలెంట్

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందకీ కదులుతుంది. రోటరీలో మూడు మూలలున్న రోటర్ గిరగిరా తిరుగుతుంది. అది తిరిగే గది వేరుశెనగ కాయలా మధ్యలో కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. ఎఫ్‌డీలో ఇలాంటివి రెండు.

ఆ గది గోడలను కూలెంట్ చల్లబరుస్తుంది. మరి లోపల తిరిగే రోటర్ సంగతి? అక్కడికి కూలెంట్ వెళ్లదు. ఆ డ్యూటీ ఆయిల్‌దే. మధ్యలో ఉన్న షాఫ్ట్‌లో చిన్న జెట్లు ఉంటాయి. అవి బోలుగా ఉండే రోటర్ లోపలికి ఆయిల్ చిమ్ముతాయి. ఆయిల్ ఆ వేడిని పట్టుకుని కింద పాన్‌లోకి జారుతుంది. పంపు దాన్ని బంపర్ దగ్గరున్న ఆయిల్ కూలర్‌కి తోస్తుంది. ఫోన్‌లో వేపర్ చాంబర్ చేసే పని లాంటిదే ఇది. తేడా ఏంటంటే, ఇక్కడ ఆ ద్రవమే బేరింగులను కూడా కాపాడాలి.

టర్బో ఉంటే బరువు ఇంకా పెరుగుతుంది. రోటరీ ఎగ్జాస్ట్ అసలే బాగా వేడి. గట్టిగా తొక్కితే 900 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. ఆ మంట పక్కనే తిరిగే టర్బో షాఫ్ట్‌కీ ఇదే ఆయిల్ వెళ్తుంది.

ఇంకో విషయం. రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీల్స్ అరిగిపోకుండా కొద్దికొద్దిగా ఆయిల్‌ను గదిలోకి పంపే చిన్న పంపు ఉంటుంది. అంటే ఈ ఇంజిన్ ఆయిల్ తాగడం లోపం కాదు, డిజైనే అంత. కానీ లెవెల్ తగ్గేకొద్దీ అదే వేడిని తక్కువ ఆయిల్ మోయాలి. అందుకే పెట్రోల్ కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూడటం రోటరీ ఓనర్లకి అలవాటు.

వేడెక్కితే ఏం పోతుంది?

మొదట ఆయిల్ పలచబడుతుంది, ప్రెషర్ తగ్గుతుంది. బేరింగుల మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర సన్నబడుతుంది.

రెండోది, రోటర్ పక్కల్లో ఉండే ఆయిల్ కంట్రోల్ రింగుల లోపల రబ్బరు ఓ-రింగులు ఉంటాయి. పదేపదే వేడి తగిలితే అవి గట్టిపడిపోతాయి. ఆ తర్వాత ఆయిల్ లీకై గదిలోకి చేరుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలవుతుంది.

మూడోదే అసలు ప్రమాదం. ఆయిల్ చల్లగా లేకపోతే రోటర్ చల్లబడదు. రోటర్ వేడిగా ఉంటే మిశ్రమం టైమ్ కాకముందే పేలే రిస్క్ పెరుగుతుంది. దీన్నే నాకింగ్ అంటారు. బూస్ట్ మీద ఉన్న రోటరీలో కాసేపు గట్టి నాకింగ్ చాలు, ఎపెక్స్ సీల్ విరగడానికి. విరిగిన ముక్క గది గోడను గీసేస్తుంది, ఎగ్జాస్ట్‌తో పాటు వెళ్లి టర్బో రెక్కలను కూడా కొడుతుంది. ఒక్క సీల్‌తో పోయేది కాదు, మొత్తం ఇంజిన్ విప్పాల్సిందే.

గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు

ఇవి కంపెనీ మాన్యువల్ లెక్కలు కావు, రోటరీ ఓనర్లు, ట్యూనర్లు సాధారణంగా పాటించే లెక్కలు. అన్నీ డిగ్రీల సెల్సియస్‌లో:

• 80 లోపు: ఆయిల్ ఇంకా చిక్కగా ఉంది. బూస్ట్ జోలికి వెళ్లొద్దు.
• 80 నుంచి 100: హ్యాపీ జోన్.
• 110: కాలు తీయాల్సిన టైమ్.
• 120 దాటితే: ఇవాళ్టికి చాలు. మెల్లగా పిట్‌లోకి వచ్చేయండి.

"మంచి సింథటిక్ ఆయిల్ ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది కదా?" అని అడగొచ్చు. నిజమే, ఆయిల్ తట్టుకుంటుంది. లోపలున్న రబ్బరు తట్టుకోవాలి కదా!

మరీ చల్లగా ఉన్నా నష్టమే. రోటరీలో కాస్త పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తుంటుంది. ఆయిల్ సరిగ్గా వేడెక్కితేనే అది ఆవిరై పోతుంది. అందుకే పెద్ద కూలర్ పెట్టినా, ఆయిల్ వేడెక్కేదాకా దారి మళ్లించే థర్మోస్టాట్ ఉండాలి.

సెన్సార్ ఎక్కడ పెట్టాలి?

గ్యాడ్జెట్ ప్రియులకి నచ్చే పార్ట్ ఇదే. ఆయిల్ ఫిల్టర్ కింద శాండ్‌విచ్ ప్లేట్ బిగించి, దానికి టెంపరేచర్ సెన్సార్ పెట్టడం చాలామంది ఎంచుకునే దారి. కానీ ఈ ఇంజిన్‌లో ఆయిల్ ముందు కూలర్‌కి వెళ్లి, అక్కడి నుంచి ఫిల్టర్‌కి వస్తుంది. అంటే ఫిల్టర్ దగ్గర కనిపించేది చల్లబడిన ఆయిల్ నంబర్. అదే సెన్సార్ పాన్‌లో పెడితే రోటర్ల నుంచి అప్పుడే జారిన వేడి ఆయిల్ నంబర్ వస్తుంది.

కాబట్టి ఎవరైనా "నా కారు 95 దాటదు" అంటే, సెన్సార్ ఎక్కడుందో ముందు అడగండి. వీలైతే రెండు చోట్లా పెట్టుకోవడం బెస్ట్. రెండు నంబర్ల మధ్య తేడా చూస్తే కూలర్ ఎంత పని చేస్తోందో తెలిసిపోతుంది. ఆ తేడా తగ్గుతూ వస్తే గాలి సరిగ్గా అందట్లేదేమో చూడాలి.

స్టాక్ కూలెంట్ మీటర్‌ను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. దాని ముల్లు చాలా పెద్ద రేంజ్‌లో మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది. అది పైకి లేచిందంటే అప్పటికే లేట్ అయినట్టే.

కూలర్ పెద్దదైతే సరిపోదు

అమెరికాలో అమ్మిన ఎఫ్‌డీల్లో మామూలు వేరియంట్లకి ఒక ఆయిల్ కూలర్ ఇస్తే, గట్టిగా నడిపేవాళ్ల కోసం తెచ్చిన ఆర్1కి రెండు ఇచ్చారు. దాన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు, ఒకటి ట్రాక్‌కి చాలదని కంపెనీకీ తెలుసు.

అయితే కూలర్ కొనడంతో పని అయిపోదు. బంపర్ నుంచి వచ్చే గాలి పక్కలకి పారిపోకుండా నేరుగా కూలర్‌లోకి వెళ్లేలా డక్ట్ ఉండాలి. లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడానికి దారి కూడా ఉండాలి. కారు కింద ఉండే ప్లాస్టిక్ ట్రే ఊడిపోతే పట్టించుకోనివాళ్లు ఉంటారు. గాలిని రేడియేటర్ వైపు తిప్పేది అదే. హోస్‌లు సన్నగా ఉంటే ప్రెషర్ పడిపోతుంది. కొత్త కూలర్ పెట్టాక టెంపరేచర్‌తో పాటు ప్రెషర్ మీటర్ మీద కూడా కన్నేసి ఉంచాలి.

ఒక ల్యాప్ పరుగు, ఒక ల్యాప్ ఊపిరి

జపాన్‌లో త్సుకుబా సర్క్యూట్ అని ఒకటుంది. మెయిన్ కోర్స్ సుమారు 2 కిలోమీటర్లే. అక్కడి టైమ్ అటాక్‌లో ట్యూనింగ్ కార్లు వరుసగా పది ల్యాప్‌లు దంచవు. ఒక ల్యాప్ వార్మప్, ఒక ల్యాప్ ఫుల్ అటాక్, తర్వాత ఒకటో రెండో కూలింగ్ ల్యాప్‌లు. కూలింగ్ ల్యాప్‌లో పై గేర్, తక్కువ ఆర్‌పీఎం, బూస్ట్ లేదు. కారు కదులుతూనే ఉంటుంది కాబట్టి కూలర్‌కి గాలి తగులుతూనే ఉంటుంది. వేడెక్కిన కారును ఎండలో ఆపి ఐడ్లింగ్‌లో పెట్టడం కంటే ఇది చాలా మేలు.

ఇల్లు చేరేటప్పుడూ అదే సూత్రం. చివరి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడపాలి. గట్టిగా తొక్కి వెంటనే తాళం తీసేస్తే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, టర్బోలో మిగిలిన ఆయిల్ మాడి నల్లటి పెచ్చులు కడుతుంది. అందుకే అప్పట్లో జపాన్‌లో టర్బో టైమర్ అనే బుల్లి గ్యాడ్జెట్ బాగా నడిచింది. తాళం తీశాక కూడా ఇంజిన్‌ను కాసేపు ఆన్‌లో ఉంచుతుంది.

మన కార్ల సంగతేంటి?

మన రోడ్ల మీద ఎఫ్‌డీ కనిపించడం కష్టమే. కానీ చిన్న టర్బో పెట్రోల్ కార్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాటిలో రోటర్లు లేవు, వేడిని చూసి పవర్ తగ్గించే ఎలక్ట్రానిక్స్ కూడా ఉన్నాయి. అయినా పొద్దున్నే స్టార్ట్ చేయగానే రేజ్ చేయకపోవడం, హైవే మీద దంచి కొట్టాక కాసేపు మెల్లగా నడిపి ఆపడం వాటికీ మంచిదే. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంటే ఒకసారి యాప్‌లో చూడండి. కొన్ని కార్లు ఆయిల్ టెంపరేచర్ చూపిస్తాయి, చాలావాటిలో కూలెంట్ నంబర్ ఒక్కటే వస్తుంది. చల్లటి ఉదయం స్టార్ట్ చేసి రెండూ గమనించండి. కూలెంట్ రెడీ అయ్యాక కూడా ఆయిల్ ఇంకా వెనకే ఉంటుంది. ఎఫ్‌డీ ఓనర్లు అదనంగా ఆ మీటర్ ఎందుకు బిగించుకుంటారో అప్పుడు మీకే తెలుస్తుంది.