బండెక్కిన కంటలం

దోర్నాల దాటి నల్లమల ఘాట్‌లో శ్రీశైలం వైపు ఎక్కుతుంటే పొద్దు గూకింది. ఎదురొచ్చిన లారీ డ్రైవరు డిప్పర్ కొట్టాడు. ఆ వెనకే వచ్చిన బస్సు డ్రైవరూ కొట్టాడు. నా లైటు డిమ్‌లోనే ఉంది గానీ, వెలుగు రోడ్డు మీద కాక చెట్ల కొమ్మల మీద పడుతోంది. మలుపుల్లో హ్యాండిల్ మరీ తేలిగ్గా తిరుగుతోంది. ముందు చక్రాన్ని ఎవరో చంకల్లో చేతులు పెట్టి పైకెత్తినట్టుంది.

తప్పెక్కడుందో వెనక్కి తిరిగితే కనిపించింది. సీటు కొసన క్యారియర్ మీద టాప్ బాక్సు. అందులో బట్టలు, పానాలు, పంక్చర్ కిట్టు, గాలి పంపు, నీళ్ళ సీసాలు, అత్తయ్య వద్దన్నా వినకుండా పెట్టిన మాగాయ జాడీ. పెట్టెతో కలిపి ఇరవై కిలోలు.

బడిలో చదివిన తులాదండం లెక్కే ఇది. నా బండి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1,400 మిల్లీమీటర్లు. పెట్టె నడిమధ్య వెనక ఇరుసుకి ఇంకో 300 మిల్లీమీటర్లు అవతల ఉంది. ఇరవైని 300తో హెచ్చించి 1,400తో భాగిస్తే 4.3. అంటే ముందు చక్రం మీద నాలుగు కిలోల పైచిలుకు బరువు లేచిపోయింది, వెనక చక్రం మీద 24 కిలోలు పడింది. ఇరవై పెడితే ఇరవై నాలుగు వసూలు చేసే వడ్డీ లెక్క! వెనక కుంగింది కాబట్టి లైటు ఆకాశం చూసింది. షాకాబ్జర్ స్ప్రింగుని సి ఆకారపు పానాతో రెండు గాట్లు బిగించి ఉంటే ఆ డ్రైవర్ల తిట్లు తప్పేవి.

ఈ లెక్క తెలియకపోయినా లంబాడీలకు ఈ సంగతి తెలుసు. రైళ్ళు రాకముందు దక్కన్‌లో ఉప్పూ ధాన్యమూ వాళ్ళ ఎడ్ల మీదే నడిచాయి. ఎద్దు వీపుకి అటూ ఇటూ వేలాడేలా వేసే జంట గోనెసంచే కంటలం. బరువంతా జంతువు నాలుగు కాళ్ళ మధ్యకే దిగుతుంది, తోక మీదకి పోదు. ఒక పక్క ఎక్కువైతే నాలుగడుగులకే జారిపోతుంది కాబట్టి సమంగా నింపక తప్పదు. ఐరోపాలో ఇదే పనికి గాడిదలకు బుట్టలు కట్టేవారు. మోటార్ సైకిల్ పక్కపెట్టెకు ఇవాళ వాడే పానియర్ అన్న మాట ఆ బుట్టదే. లాటిన్‌లో రొట్టెకు పేరైన పానిస్ దాని మూలం.

1885లో డైమ్లర్, మేబాఖ్ కలిసి కర్ర చట్రానికి పెట్రోల్ ఇంజన్ బిగించినప్పుడు సామాను ఊసే లేదు. తర్వాత చాలాకాలం మూట ఉంటే వెనక మడ్‌గార్డు మీద కట్టుకోవడం, మరీ ఎక్కువైతే సైడ్‌కార్ తగిలించుకోవడం. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక వెనక చక్రాన్ని పట్టుకుని కీలు మీద ఆడే స్వింగార్మ్, దాని మీద షాకాబ్జర్లు వాడుకలో పెరిగాయి. 1949 నాటి బుల్లెట్‌లోనూ అంతే. నడుము నొప్పి తగ్గింది గానీ, సామానుకు చోటు పోయింది. చక్రం పైకీ కిందికీ ఆడే మేర వదలాలి, సైలెన్సర్ వేడి తగలకూడదు. దాంతో పెట్టెలు పైకీ పక్కకీ జరిగాయి. ఇంగ్లండ్‌లో కెన్ క్రేవెన్ అనే పర్యాటకుడు ఈ పెట్టెలనే వ్యాపారం చేసుకున్నాడు.

1970ల్లో జర్మనీలో బీఎమ్‌డబ్ల్యూ డీలర్ మైకేల్ క్రౌజర్ అమ్మిన ప్లాస్టిక్ పెట్టె తాళం తిప్పితే ఊడి, సూట్‌కేసులా చేతికొచ్చేది. రాత్రి పదింటికి వానలో లాడ్జి ముందు తాళ్ళ ముడులు విప్పినవాడికే దాని విలువ తెలుస్తుంది. హోండా మాత్రం తాపీగా వచ్చింది. గోల్డ్‌వింగ్ 1975లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికి ఒక్క పెట్టె కూడా లేదు. అమెరికాలో బయటి కంపెనీలు చేసి అమ్ముకున్నాయి. 1980లో ఇంటర్‌స్టేట్ మోడల్‌తో గానీ ఫ్యాక్టరీ నుంచే పెట్టెలు రాలేదు. ఇటలీలో గివి కంపెనీ 1978లో పెట్టిన జుసెప్పె విసెంజి అసలు రేసర్, 1969లో 350 సీసీ ప్రపంచ పోటీల్లో మూడో స్థానం. బండి మీద గ్రాము బరువు కూడా ఓర్చుకోని జాతివాడు లోకానికంతా పెట్టెలు అమ్మాడు.

పెట్టెలు పెరిగాయి, ఇంజన్ల బలమూ పెరిగింది. వేగంలో బండ్లు వణకడం మొదలైంది. 1971లో రాబిన్ షార్ప్ అనే బ్రిటిష్ ఇంజనీర్ మోటార్ సైకిల్ కదలికలకు సమీకరణాలు రాసి, బండి అదుపు తప్పే తీరులను విడదీసి చూపాడు. హ్యాండిల్ ఒక్కటే టకటకా కొట్టుకుంటే వాబుల్. బండి మొత్తం చేపలా సెకనుకు రెండు మూడు సార్లు మెలికలు తిరిగితే వీవ్. సామాను తెచ్చే రోగం ఎక్కువగా రెండోది. వేగం పెరిగేకొద్దీ ఆ మెలిక తనంతట తాను సద్దుకోవడం కష్టమవుతుంది, తోక బరువైతే మరీ కష్టం. చాలా పెట్టెల మూత లోపల పది కిలోలు, గంటకు 120 కిలోమీటర్లు అంటూ స్టిక్కరు ఉండేది అందుకే. అది ఎవరూ చదవరు.

పెట్టె ఊగుతోందంటే ఎవరికైనా తోచేది ఇంకో చుట్టు బిగించడం. ట్రయంఫ్ ఇంజనీర్లు ఎదురు దారి పట్టారు. 2012లో వచ్చిన ట్రోఫీ బండికి రెండు పక్కపెట్టెలనూ ఒక అడ్డకమ్మీతో కలిపి, ఆ జోడీని ఐదు డిగ్రీల దాకా దాని మానాన ఊగనిచ్చారు. బండి మెలిక తిరిగితే పెట్టెలు వెంటనే తిరగవు, తమ తీరికను బట్టి ఊగుతాయి. వాటి బరువు చట్రాన్ని పట్టి కుదపదు. ఇది తెలిసినప్పుడు నాకు కావడి కళ్ళ ముందు ఆడింది. కావడి బద్ద ఇనుపకమ్మీ అయితే మోసేవాడి భుజం రెండు ఫర్లాంగులకే పోతుంది. వెదురు కాబట్టి వంగుతుంది. అడుగు కుదుపు కుండల దాకా పోదు, కుండల కుదుపు భుజం దాకా రాదు.

అలాగని వదులైన బోల్టును ట్రయంఫ్ టెక్నాలజీ అని సరిపెట్టుకోకూడదు. నేను సరిపెట్టుకున్నాను. శ్రీశైలం అనుభవం తర్వాత టాప్ బాక్సు తీసేసి, విజయవాడ ఆటోనగర్‌లో పక్కపెట్టెలకు ఫ్రేం చేయించాను. వెల్డింగు మేస్త్రీ ముందు చెప్పిందే అడ్డకమ్మీ సంగతి. “వెనకాల రెండిటినీ కలపకపోతే దేని దారి దానిదే సార్. నెల తిరక్కుండా చెవులు విరుగుతాయి” అన్నాడు. కుడిపక్క సైలెన్సర్ ఉంది కాబట్టి ఆ పెట్టె నాలుగు వేళ్ళు ఎడంగా కూర్చుంది. కావడి లెక్కే మళ్ళీ, దూరంగా ఉన్న వైపు తక్కువ బరువు. పానాలు ఎడమకు, బట్టలు కుడికి.

ఎడమ పక్కనే అసలు పేచీ. శారీ గార్డు తీసేస్తే పెట్టె చక్కగా దగ్గరికి వస్తుంది. కానీ వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే గార్డు మన మోటారు వాహన నిబంధనల్లో తప్పనిసరి. గార్డు ఉంచి ఫ్రేమే వంచాం. కేంద్రం 2020లో ఇంకో హద్దు పెట్టింది: తగిలించే పెట్టె 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు దాటకూడదు, వెనక సీటు చోట పెడితే మనిషిని ఎక్కించుకోకూడదు.

మూడు వందల కిలోమీటర్లు తిరిగేసరికి ఒక బోల్టు రాలిపోయింది. మందమైన బోల్టులు బరువుకు తెగడం అరుదు, అడ్డంగా వచ్చే సన్నని వణుకుకు మరలు కాస్త కాస్త జారి వదులవుతాయి. దీన్ని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ ప్రయోగం చేసి చూపాడు. మందు అంతకు ముందే ఉంది. అమెరికాలో వెర్నాన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసరు 1953లో తయారుచేసిన జిగురు, తర్వాత లాక్‌టైట్ అయింది. గాలి తగిలినంతసేపు ద్రవంగానే ఉంటుంది, మరల మధ్య గాలి అందని చోట లోహం తగిలితే గట్టిపడుతుంది. నీలం రంగుది ఒక్క చుక్క చాలు. ఎర్రది వాడితే మళ్ళీ విప్పడానికి వేడి చెయ్యాలి. ఆ రోజు నా దగ్గర ఏ రంగుదీ లేదు. పంక్చర్ షాపతను పాత సైకిల్ ట్యూబుని వేలెడు వెడల్పున కోసి, లాగి లాగి చుట్టి ఇచ్చాడు. ఇల్లు చేరేదాకా చెక్కుచెదరలేదు. డబ్బు తీసుకోలేదు.

చైన్ విషయం ఎవరూ చెప్పరు. ఖాళీ బండికి వదులు చూసి సరిచేస్తాం. సామాను ఎక్కి వెనక కుంగితే స్వింగార్మ్ పైకి లేస్తుంది. ముందు పళ్ళచక్రం, స్వింగార్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగువు. ఇంట్లో సరిగ్గా ఉన్నది గుంతలో కిర్రుమని ఏడుస్తుంది. పెట్టెలు నింపి, మనిషిని కూర్చోబెట్టి చూడాలి.

ఇప్పుడు అందరికీ అల్యూమినియం పెట్టెల మోజు. 2004లో ఇద్దరు నటులు లండన్ నుంచి న్యూయార్క్‌కి తూర్పు దారిన బీఎమ్‌డబ్ల్యూల మీద వెళ్ళిన టీవీ యాత్ర ఆ మోజును పెంచింది. మంగోలియాలో వాళ్ళ కెమెరామన్ బండి ఫ్రేం ఆ బరువుకు విరిగితే, అతను చిన్న రష్యన్ బండి కొనుక్కుని ముందుకెళ్ళాడు. అది ఎవరూ అనుకరించలేదు. ఇసుకలో కాలు కింద పెట్టినప్పుడు వెనక నుంచి ఆ పెట్టె అంచు పిక్కను పట్టేస్తుంది. అలా కాళ్ళు విరిగినవాళ్ళు గుడ్డసంచులకు మారారు.

నేనూ మోజుపడి అల్యూమినియం పెట్టెలే కొన్నాను. మొదటి ప్రయాణంలో మడతపెట్టి పెట్టిన తెల్లపంచె తీస్తే, మడతల అంచులన్నీ పెనం మసి పూసినట్టు నల్లగా ఉన్నాయి. కుదుపుకి బట్ట పెట్టెను రుద్దుతూనే ఉంటుంది, అల్యూమినియం సన్నని పొడిగా రాలుతుంది. నాలుగు ఉతుకులకూ పోలేదు. కిరాణాకొట్టులో ఖాళీ పంచదార గోనె అడిగి తెచ్చి, కుట్టు విప్పి రెండు పెట్టెల లోపలా పరిచాను.